మగ్గాలున్న చోట కుట్టు ఎందుకు పెరగలేదు

నగరి, పుత్తూరు చుట్టుపక్కల మరమగ్గాలకు కొదవలేదు. చెన్నై రేవూ దగ్గరే. అయినా దుస్తుల ఎగుమతిలో ఈ ప్రాంతం తిరుప్పూరులా ఎదగలేదు. కూలి రేట్ల మీదికి తోసేస్తే లెక్క తేలదు.

ముందు గుడ్డ సంగతి. ఎగుమతి తానును నాలుగు పాయింట్ల పద్ధతిలో చూస్తారు. లోపం 3 అంగుళాల్లోపుంటే 1 పాయింటు, ఆరు దాకా 2, తొమ్మిది దాకా 3, ఆపైన 4. వంద చదరపు గజాలకు 40 పాయింట్లు దాటితే తాను సాధారణంగా వెనక్కే. సాదా మగ్గంలో పడుగు పోగు (నిలువు దారం) తెగినా మగ్గం దానంతట అది ఆగదు. నేతగాడు చూసేదాకా గీత సాగుతుంది, గజానికి 4 చొప్పున పడుతుంది. 60 అంగుళాల పన్నాకు (వెడల్పుకు) వంద చదరపు గజాలంటే 60 గజాల పొడవు. అందులో పది గజాలు పోగు లేకపోతే 40 నిండినట్టే.

విచిత్రమేమంటే, బంగ్లాదేశ్ దుస్తుల ఎగుమతి మొదలుపెట్టినప్పుడు దాని దగ్గర ఆ గుడ్డ కూడా లేదు. ఏ దేశం నుంచి ఎన్ని దుస్తులు రావచ్చో ధనిక దేశాలు 1974 నుంచి కోటాలు పెట్టడంతో, కోటా నిండిన కొరియా కొత్త చోటు వెతికింది. 1979లో బంగ్లాదేశ్‌కు చెందిన దేశ్ కంపెనీ 130 మందిని కొరియాలో బూసాన్‌లోని దేవూ కంపెనీ ఫ్యాక్టరీకి శిక్షణకు పంపింది. వాళ్లలో చాలామంది తర్వాత సొంత ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు. ఎగుమతి దుస్తుల కోసం బయటి నుంచి తెచ్చుకునే గుడ్డకు బంగ్లాదేశ్‌లో సుంకం లేదు. కొనుగోలుదారు ఇచ్చిన ఎల్‌సీని (సరుకు పంపితే డబ్బు చెల్లిస్తామనే బ్యాంకు హామీ పత్రం) చూపించి, దాని మీదే గుడ్డకు ఇంకో ఎల్‌సీ తెరిచేవారు. సొంత పెట్టుబడి పెద్దగా అక్కర్లేకపోయింది.

మన దగ్గర అదే కాలంలో రెడీమేడ్ దుస్తులు చిన్న పరిశ్రమలకే రిజర్వు. నేసిన గుడ్డ దుస్తులకు 2000 జౌళి విధానంతో, అల్లిక దుస్తులకు 2005లో ఆ కట్టు తీసేశారు. 2005 జనవరి 1న కోటాలు పోయేసరికి పెద్ద కుట్టు షెడ్లు బంగ్లాదేశ్ వైపే ఉన్నాయి. పైగా 2001 నుంచి ఐరోపాలో వాళ్లకు సుంకం లేదు, మనకు తప్పలేదు.

షెడ్డు చిన్నదైతే నష్టమేమిటి? చొక్కాకు 20 నిమిషాల పని అనుకుందాం. 40 మంది, 480 నిమిషాలు: మొత్తం 19,200, అంటే 960 చొక్కాలు. సామర్థ్యం 45 శాతమైతే వచ్చేవి 432, అరవై అయిదైతే 624. జీతాలు మాత్రం అవే. కొత్త మిషన్లతో ఈ తేడా పూడదు. సూది నడిచే సమయం కన్నా ముక్క తీయడానికి, అంచు కలపడానికి, బండిల్ విప్పడానికి పట్టేదే ఎక్కువ. కాలర్ అతికే చోట గంటకు 45 దాటకపోతే, మిగతావాళ్లు 60 కుట్టినా లైను చివర వచ్చేది 45. అయిదొందల పీసుల ఆర్డరులో అయితే చేయి కుదురుకునేలోపే మోడల్ మారిపోతుంది.