పాత గేమ్ కన్సోళ్లకు పట్టిన పసుపు: అపోహలు – వాస్తవాలు

పసుపెక్కిన కన్సోల్ తెచ్చి "దీన్ని మళ్లీ తెల్లగా చేయగలరా?" అని అడిగేవాళ్లు నా దగ్గరికి ఎప్పుడూ వస్తూనే ఉంటారు. ఈ మధ్య వాళ్లకన్నా, తెల్లగా చేయబోయి చారలు తెప్పించుకున్నాక వచ్చేవాళ్లే ఎక్కువయ్యారు. పసుపుతో వచ్చినదాన్ని ఎంతోకొంత బాగు చేయగలను. చారలతో వచ్చినవాటిలో చాలావాటికి నేను చేయగలిగింది ఏమీ ఉండదు. అందుకే ముందుగా ఆ ఒక్క అపోహ సంగతి తేల్చాలి.

అపోహ: పెరాక్సైడ్ ఎంత ఘాటైతే, ఎండ ఎంత మండితే అంత తెల్లగా వస్తుంది.

కాదు, రాదు. పెరాక్సైడ్ అంటే ఈ పసుపు పోగొట్టడానికి వాడే, రంగు తీసే రసాయనం. తలకు వాడే 40 వాల్యూమ్ క్రీమ్ అంటే 12 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. దాన్ని షెల్‌కి, అంటే కన్సోల్ బయటి ప్లాస్టిక్ డొప్పకి పట్టించి, పైన క్లింగ్ ఫిల్మ్ చుట్టి, మిట్టమధ్యాహ్నం ఎండలో వదిలేయమని చెప్పే సలహాలు బోలెడు తిరుగుతున్నాయి. ఫిల్మ్ ముడతపడ్డ చోట క్రీమ్ దళసరిగా పేరుకుంటుంది. గాలి బుడగ ఉన్న చోట ప్లాస్టిక్‌కి అంటనే అంటదు. అంచుల్లో ముందుగా ఎండిపోతుంది. అంటే ఒకే మూత మీద ఒక్కో చోట ఒక్కో వేగంతో పని జరుగుతోందన్నమాట. సాయంత్రం కడిగి చూస్తే ఆ ముడతలన్నీ ప్లాస్టిక్ మీద అచ్చుగుద్దినట్టు కనిపిస్తాయి.

ఆమధ్య ఒకాయన సూపర్ నింటెండో పైమూత తెచ్చారు. వాళ్ల అన్నయ్య చిన్నప్పుడు ఆడుకున్నదట. బటన్ల చుట్టూ తెల్లటి మబ్బు మరకలు, మధ్యలో రెండు పసుపు గీతలు. వేలితో రాస్తే నున్నగానే ఉంది, తుడవడానికి పైన ఏమీ లేదు. "ఇంకో రెండు రోజులు ఎండలో పెడితే సరిపోతుందని చెప్పారండీ, పెట్టమంటారా?" అని అడుగుతుంటే ఆయన గొంతులో బెంగ తెలుస్తూనే ఉంది. ఆ సలహా ఇచ్చినవాళ్లు ఆ మూతను కనీసం చూడలేదు.

మీకూ అదే పరిస్థితి వస్తే ముందు షెల్‌ని తిరగేయండి. లోపలివైపు, స్క్రూలు దిగే స్తంభాల పక్కన, వెలుతురు అంతగా తగలని చోటు ఉంటుంది. అసలు రంగుకి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది అదే. బయటి చార దానికన్నా పసుపుగా ఉంటే అక్కడ ఇంకా పని మిగిలి ఉందని అర్థం, నెమ్మదిగా చేస్తే సమం అవుతుంది. దానికన్నా పాలిపోయి ఉంటే అక్కడ ప్లాస్టిక్ పైపొరే దెబ్బతింది. ఇంకోసారి పెరాక్సైడ్ తగిలితే ఇంకా పాలిపోతుంది, అంతే. ఆయన మూత మీద రెండు రకాలూ ఉన్నాయి. పసుపు గీతలు పోయాయి, తెల్ల మరకలు ఉండిపోయాయి.

నేను క్రీమ్ వాడను. భాగాలు పూర్తిగా మునిగేలా ద్రవంలోనే పెడతాను. 3 శాతం చాలు. 12 శాతం ద్రావణం దొరికితే ఒక వంతుకి మూడు వంతుల నీళ్లు కలపాలి. వెలుతురు తగలాలి, నీళ్లు వెచ్చగా ఉండాలి, కాగిపోకూడదు. వేడెక్కితే పలచటి మూతలు వంగిపోతాయి. షెల్ చేసిన ABS ప్లాస్టిక్ బుడగలు అంటుకుని తేలాలని చూస్తుంది కాబట్టి పైన గాజు ముక్క ఏదైనా బరువుగా పెట్టండి. నీటి గీత దగ్గర తేలుతూ ఉండిపోతే సరిగ్గా అక్కడే గీత పడుతుంది. ప్లాస్టిక్ మీద ఆక్సిజన్ బుడగలు అంటుకుంటాయి, వాటిని మెత్తటి బ్రష్‌తో కదిలిస్తూ గంటకోసారి భాగాన్ని తిప్పాలి. ఒక రోజు పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. కాస్త పసుపు మిగిలి ఉండగానే ఆపేయండి. మిగిలిన పసుపుని రేపైనా తీయొచ్చు, పోయిన రంగుని తిరిగి తేలేం.

అపోహ: పసుపంటే మురికి, గట్టిగా తోమితే పోతుంది.

గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో కడిగితే పోయింది మురికి. పోనిది ప్లాస్టిక్‌లోనే ఉంది. ABSలో రబ్బరు లాంటి భాగమైన బ్యుటాడైన్ వెలుతురుకీ వేడికీ ఆక్సిజన్‌తో కలిసి మారిపోవడమే ఆ రంగు. మెలమైన్ స్పాంజ్‌తో రుద్దితే పైన ఉండే సన్నటి గరుకుదనం అరిగి మెరుపు మచ్చలు పడతాయి. అసిటోన్ ABSని కరిగించేస్తుంది. క్లోరిన్ బ్లీచ్ జోలికి అసలు పోకండి.

అపోహ: పైమూత తెల్లగా, కిందిది పసుపుగా ఉంటే డూప్లికేట్.

దీని గురించి కంగారుపడి అడిగేవాళ్లని చూస్తే జాలేస్తుంది. 1990ల నాటి సూపర్ నింటెండోల్లో ఇది మామూలే. రెండు సగాలూ వేర్వేరు దఫాల ప్లాస్టిక్‌తో అచ్చుపోసినవై ఉండొచ్చు. ఒక్కో దఫా ఒక్కో వేగంతో పసుపెక్కుతుంది. రంగు తేడా ఒక్కటే చూసి అసలో నకిలీయో తేల్చకండి, ఎవరైనా తేల్చినా నమ్మకండి.

అపోహ: పెట్టెలో దాచి ఉంచితే పసుపెక్కదు.

నెమ్మదిగా ఎక్కుతుంది. దానికి గాలీ వేడీ చాలు. చీకటి మేలే కానీ చల్లదనం కూడా కావాలి.

అపోహ: ఒకసారి తెల్లబడితే ఇక శాశ్వతం.

పసుపు తిరిగి రావచ్చు. పని ఒప్పుకునే ముందే నేను ఈ మాట చెప్పేస్తాను. రాదని హామీ ఇచ్చేవాళ్లకి మీ కన్సోల్ ఇవ్వకండి.

అపోహ: తెల్లబడితే ప్లాస్టిక్ గట్టిపడుతుంది కూడా.

గట్టిపడదు. రంగు మార్చిన ఆక్సీకరణే దాన్ని పెళుసుగానూ చేసింది, పోయిన బలం పెరాక్సైడ్‌తో తిరిగి రాదు. విప్పేటప్పుడు స్క్రూ స్తంభాలు పుటుక్కున విరిగేది ఇందుకే. సూపర్ నింటెండోకి 4.5 మి.మీ. గేమ్‌బిట్ (దాని స్క్రూలకి సరిపోయే ప్రత్యేకమైన స్క్రూడ్రైవర్ బిట్) వాడండి. మొండి స్క్రూని బలవంతంగా తిప్పకండి. తిరిగి బిగించేటప్పుడు బిగుతు తగలగానే ఆపేయండి.

సర్క్యూట్ బోర్డు, లోహపు షీల్డు, స్ప్రింగులు, స్క్రూలు అన్నీ తీసేశాకే షెల్‌ని నీళ్లలో పెట్టాలి. లోహం తుప్పుపడుతుంది, పెరాక్సైడ్‌ని వృథాగా విడగొడుతుంది కూడా. స్టిక్కర్లున్న భాగాన్ని ముంచకండి. చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి. ఘాటు పెరాక్సైడ్ చర్మం మీద పడితే మంట పుట్టి తెల్లగా పాలిపోతుంది, వెంటనే బాగా నీళ్లతో కడగాలి. డబ్బా మూత బిగించొద్దు. లోపల ఆక్సిజన్ పుడుతూనే ఉంటుంది, పోయే దారి లేకపోతే డబ్బా పగులుతుంది.