సున్నం పడిన కన్ను, బొడ్డుతాడు ప్రకటన: హైదరాబాద్‌లో మూలకణాల నేపథ్యం

హైదరాబాద్‌లో మూలకణాల (స్టెమ్ సెల్స్) మాట రెండు చోట్ల గట్టిగా వినిపిస్తుంది. ఒకటి ప్రకటనల్లో. కాన్పుకు ముందే బొడ్డుతాడు రక్తం దాచుకోమంటారు, మోకాళ్ల నొప్పి నుంచి పిల్లల ఆటిజం దాకా ‘స్టెమ్ సెల్ థెరపీ’ ఉందంటారు. రెండోది బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి. సున్నమో, యాసిడో పడి చూపు పోయిన కళ్లకు అక్కడ ఇరవై ఏళ్లకు పైగా మూలకణాలతో చికిత్స జరుగుతోంది. పేరు ఒకటే అయినా ఈ రెండూ వచ్చిన దారులు వేరు.

కణం నుంచే కణం పుడుతుందని జర్మనీ శాస్త్రవేత్తలు రీమాక్, విర్కో 1850లలోనే చెప్పారు. 1882 నాటికి అక్కడి వాల్టర్ ఫ్లెమింగ్, బల్లిని పోలిన సాలమాండర్ అనే జీవి కణాలకు రంగు పట్టించి, విభజన వేళ క్రోమోజోములు ఎలా విడిపోతాయో బొమ్మలు గీసి చూపించాడు. అయినా ఒక చిక్కు మిగిలింది. మన ఎర్ర రక్తకణంలో కేంద్రకమే ఉండదు, అది విభజన చెందలేదు. మరి రోజూ కొత్త రక్తం ఎక్కడి నుంచి వస్తోంది? 1961లో టొరంటోలో టిల్, మెకల్లక్ అనే శాస్త్రవేత్తలు రేడియేషన్‌తో ఎముకల్లోని మూలుగ దెబ్బతిన్న ఎలుకలకు వేరే ఎలుకల మూలుగ కణాలు ఎక్కించారు. వాటి ప్లీహంలో కొత్త రక్తకణాలతో చిన్న చిన్న బుడిపెలు లేచాయి. ఒక్కో బుడిపె ఒకే కణం సంతానమని తర్వాత రుజువైంది. తనలాంటి కణాన్ని మిగుల్చుకుంటూనే పని చేసే కణాలనూ పుట్టించేదాన్నే మూలకణం అంటున్నాం.

కంటి విషయంలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. నల్లగుడ్డు మీది పలుచని పై పొర వారం పది రోజుల్లో పూర్తిగా కొత్తదైపోతుంది. ఆ కొత్త కణాలు వచ్చేది నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచు నుంచి. 1971లోనే ఇద్దరు పరిశోధకులు దీన్ని ఊహించారు. 1980లలో ఆ అంచున నెమ్మదిగా విభజన చెందే కణాలు కనబడ్డాయి. కిళ్లీకీ ఖైనీకీ వాడే సున్నం ప్యాకెట్‌ను పిల్లలు నొక్కి ఆడుకుంటుంటే అది పగిలి కంట్లో చిమ్ముతుంది. అలాంటప్పుడు కాలిపోయేది ఆ అంచే. భర్తీ చేసే కణాలు పోగానే తెల్లగుడ్డు పొర రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకుతుంది. ఊళ్లో కంట్లో పువ్వు వేసిందంటారు. దాత కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక భాగం) పెట్టినా అలాంటి కంట్లో నిలవదు, దాని పై పొరను నిలబెట్టే కణాలు అక్కడ లేవు కాబట్టి. చెట్టు వేరు కాలిపోయాక కొమ్మ అంటు కట్టినట్టే ఉంటుంది.

1989లో అమెరికాలో కెన్యన్, సెంగ్ అనే కంటి వైద్యులు మంచి కంటి అంచు నుంచి పెద్ద ముక్కలు తీసి దెబ్బతిన్న కంటికి పెట్టారు. ఫలితం బాగుంది కానీ ఉన్న ఒక్క మంచి కన్నూ ఏమవుతుందోనన్న టెన్షన్ పోలేదు. 1997లో ఇటలీలో పెల్లెగ్రిని బృందం చిన్న ముక్క నుంచి ల్యాబ్‌లో కణాల పొర పెంచింది. హైదరాబాద్‌లో 2001లో మొదలైన పని ఈ దారిలోదే. ఇక్కడ ఉమ్మనీటి సంచి పొర మీద కణాలను పెంచి కంటికి అతికించారు. పదేళ్ల ఫలితాలు 2011లో వచ్చాయి: 200 మందిలో 71 శాతం మందికి పొర నిలిచింది.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆ తర్వాతి అడుగు. ల్యాబ్‌కు ఖర్చెక్కువ, అది అన్ని ఊళ్లలో ఉండదు. డాక్టర్ వీరేందర్ సంగ్వాన్, సహచరులు 2012లో ప్రకటించిన ‘స్లెట్’ పద్ధతిలో మంచి కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసుకుని, దాన్ని మరీ చిన్న ముక్కలు చేసి, దెబ్బతిన్న కంటి మీద పరిచిన ఉమ్మనీటి పొరపై జిగురుతో అతికిస్తారు. విభజన రోగి కంట్లోనే జరుగుతుంది, ల్యాబ్‌తో పనే లేదు. 2016లో 125 మంది ఫలితాలు ప్రచురించారు. 76 శాతం మందికి నిలిచిందని చెప్పారంటే, మిగతావారికి నిలవలేదని కూడా చెప్పినట్టే. రెండు కళ్లూ పోయినవారి విషయం ఇంకా కష్టం. వాళ్లకు వేరొకరి కణజాలం కావాలి, శరీరం దాన్ని తిప్పికొట్టకుండా మందులు వాడాలి.

ప్రకటనల చికిత్సల వెనుక ఇలాంటి చరిత్ర లేదు. నరంలోకి ఎక్కించిన కణం ఎక్కడికి వెళ్తుంది, దేనిగా మారుతుంది, విభజన ఎప్పుడు ఆపుతుంది అన్న ప్రశ్నలకు రుజువులు చూపించరు. ఆగని విభజన అంటే కణితే కదా. బొడ్డుతాడు రక్తాన్ని మొదట వాడింది 1988లో పారిస్‌లో, ఫాంకోని రక్తహీనత అనే జన్యువ్యాధి ఉన్న పిల్లవాడికి. అది అతని చెల్లెలిది. తలసేమియాతో పుట్టిన బిడ్డకు తన సొంత బొడ్డుతాడు రక్తం పనికిరాదు, ఆ జన్యులోపం అందులోనూ ఉంటుంది. ఈ మాట డబ్బు కట్టే ముందు తల్లిదండ్రులకు స్పష్టంగా చెప్పి తీరాలి.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), కేంద్ర బయోటెక్నాలజీ విభాగం మూలకణాలపై 2007లో ఇచ్చిన మార్గదర్శకాల పేరులో ‘చికిత్స’ అనే మాట ఉండేది. 2013లో దాన్ని తీసేసి ‘పరిశోధన’ మాత్రమే ఉంచారు. 2017 నాటి సవరణ ప్రకారం నిర్ధారిత రక్త వ్యాధులకు చేసే మూలుగ మార్పిడి లాంటివి తప్ప, మిగతా మూలకణ ప్రయోగాలు అనుమతి పొందిన ట్రయల్స్‌లోనే జరగాలి. ఆటిజానికి ఈ చికిత్సను సిఫారసు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ బోర్డు 2022లో తేల్చింది. ఎవరైనా ట్రయల్ అంటే సీటీఆర్ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ) నమోదు నంబర్ అడగండి. అది చూపించకుండా ప్యాకేజీ రేటు చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.