తలుపులు మూతపడ్డ తపస్కాలం: విచారణల సేవకు వెనుక ఉన్న చరిత్ర

పాస్కా (ఈస్టర్) పండుగకు ముందు కతోలికులు ఉపవాస ప్రార్థనలతో గడిపే తపస్కాలం విభూది బుధవారంతో మొదలవుతుంది. 2020లో అది ఫిబ్రవరి 26న వచ్చింది. చాలా దేశాల్లో దేవాలయాలు ఎప్పటిలాగే నిండాయి. జనం నొసట బూడిద పెట్టించుకుని ఇళ్లకు వెళ్లారు. ఇటలీ ఉత్తర ప్రాంతంలో మాత్రం అప్పటికే పరిస్థితి వేరు. మిలాన్, వెనిస్ మేత్రాసనాల్లో (బిషప్పుల పరిధిలోని ప్రాంతాల్లో) జనంతో జరిగే పూజలు అంతకు కొద్దిరోజుల ముందే ఆగిపోయాయి. మార్చి 8న ఇటలీ అంతటా ఆగిపోయాయి. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. ఏప్రిల్ 5న మట్టల ఆదివారం వచ్చేసరికి ఎన్నో దేశాల్లో గురువులు (ఫాదర్లు) ఖాళీ బెంచీల ముందు, ఒక ఫోన్ కెమెరాకు ఎదురుగా నిలబడి దివ్యబలిపూజ చేస్తున్నారు.

ఆ తపస్కాలం గురించి ఇప్పుడు మాట్లాడుకున్నా సంభాషణ ఆన్‌లైన్ పూజల చుట్టూనే తిరుగుతుంది. పూజలో ఇచ్చే రొట్టె, అంటే దివ్యసత్ప్రసాదం, అందక విశ్వాసులు పడ్డ బాధ నిజమైనది, దాన్ని తేలిక చేయకూడదు. అయితే అంతగా చర్చకు రాని సంగతి మరొకటి ఉంది. తపస్కాలంలో విచారణ (పారిష్, అంటే ఒక గుడి పరిధిలోని విశ్వాసుల సంఘం) చేసే దానధర్మాల్లో ఎక్కువ భాగం జనం గుడికి రావడం మీద ఆధారపడి నడుస్తాయి. రావడం ఆగగానే కానుక ఆగింది. సరిగ్గా ఆ వారాల్లోనే పనులు పోయి, పొయ్యి వెలగని ఇళ్లు పెరిగాయి. అవసరం ఎక్కువైన సమయానికే ఇచ్చే దారి మూసుకుపోయింది. ఈ చిక్కు ఎలా వచ్చిందో, కొన్ని విచారణలు దాన్ని ఎలా దాటాయో అర్థం కావాలంటే బాగా వెనక్కి వెళ్లాలి.

పూజకూ కానుకకూ ముడి తొలి తరాల నాటిది. 2వ శతాబ్దం మధ్యలో రోములో ఉన్న పునీత (సెయింట్) జస్టిన్ ఆదివారపు ఆరాధనను వర్ణిస్తూ, పోగైన సొమ్మును అధ్యక్షత వహించే పెద్ద దగ్గర ఉంచేవారని, ఆయన దాన్ని అనాథలకు, వితంతువులకు, రోగులకు, చెరలో ఉన్నవారికి, పరదేశులకు ఖర్చు పెట్టేవారని రాశాడు. అదే శతాబ్దంలో రోములోనే హెర్మాస్ ఉపవాసం గురించి ఇంకా సూటిగా చెప్పాడు. ఉపవాసం రోజు రొట్టె, నీళ్లతో సరిపెట్టుకోవాలి, తినకుండా మిగిల్చిన భోజనం ఖరీదెంతో లెక్కగట్టి ఆ మొత్తాన్ని వితంతువుకో అనాథకో లేనివాడికో ఇవ్వాలి. 5వ శతాబ్దంలో పోపు పునీత లియో తన తపస్కాల ప్రసంగాల్లో మళ్లీ మళ్లీ ఇదే బోధించారు. ప్రార్థన, ఉపవాసం, దానధర్మం అని మనం వరసగా చెప్పుకునే మూడూ అసలు ఒకదానిలోంచి ఒకటి పుట్టేవే.

20వ శతాబ్దపు తపస్కాల ఉద్యమాలు ఈ లెక్కనే పెద్ద ఎత్తున అమలుచేశాయి. జర్మనీలో 1958లో కార్డినల్ ఫ్రింగ్స్ చొరవతో మిసెరెయోర్ అనే తపస్కాల దాన ఉద్యమం మొదలైంది. ఇంగ్లండులో 1960లో కతోలిక మహిళలు కుటుంబ ఉపవాస దినాన్ని మొదలుపెట్టారు, దానిలోంచే 1962లో కాఫోడ్ అనే కతోలిక సహాయ సంస్థ వచ్చింది. బ్రెజిల్ సోదరభావ ఉద్యమం 1964 నుంచి దేశమంతటా నడుస్తోంది. అమెరికాలో 1975లో పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్‌లో మొదలైన రైస్ బౌల్ కార్యక్రమంలో ప్రతి కుటుంబం ఒక చిన్న అట్టపెట్టె ఇంట్లో పెట్టుకుని తపస్కాలమంతా అందులో డబ్బు వేస్తుంది. ఇవన్నీ గొప్ప పనులే. కానీ అన్నింటికీ చివరి మెట్టు గుడిలోనే ఉంది. అట్టపెట్టెను తెచ్చి గుడిలో అప్పగించాలి, మిసెరెయోర్ కానుకను తపస్కాలం 5వ ఆదివారం పూజలో పట్టాలి. 2020లో ఆ 5వ ఆదివారం మార్చి 29న పడింది. ఆ రోజు జర్మనీలో ఏ గుడిలోనూ కానుక పళ్లెం తిప్పడానికి జనం లేరు. పవిత్ర శుక్రవారం నాడు పుణ్యభూమి కోసం లోకమంతటా పట్టే కానుకను వాటికన్ సెప్టెంబరు 13కు మార్చవలసి వచ్చింది.

విచారణకు కానుక పళ్లెం ఒక్కటే ఆధారం కాదు. పూర్వం దానికి మరో పనిముట్టు ఉండేది, అది ఇళ్ల జాబితా. 1215లో నాలుగో లాతరాన్ మహాసభ (బిషప్పులందరి సమావేశం) ప్రతి విశ్వాసీ ఏడాదికి ఒక్కసారైనా తన విచారణ గురువు దగ్గర పాపసంకీర్తనం చేసి (పాపాలు ఒప్పుకుని), పాస్కా కాలంలో సత్ప్రసాదం స్వీకరించాలని ఆజ్ఞాపించింది. ఎవరు చేశారో, ఎవరు చేయలేదో తెలియాలంటే గురువుకు తన మనుషులు తెలిసి ఉండాలి. త్రెంతు మహాసభ 1563లో జ్ఞానస్నాన, వివాహ పుస్తకాలను తప్పనిసరి చేసింది. 1614 నాటి రోమను కర్మకాండ గ్రంథం వాటికి తోడు ఇంటింటి ఆత్మల పట్టికను కూడా చేర్చింది. చాలా చోట్ల విచారణ గురువు దాన్ని తపస్కాలంలోనే రాసేవారు. పాస్కాకు ముందు వీధి వీధీ తిరిగి ఏ ఇంట్లో ఎవరున్నారో, వయసెంతో, సంస్కారాలు ఏవి అందాయో నమోదు చేసుకునేవారు. దాని ఉద్దేశం సంస్కారాల లెక్క చూసుకోవడమే, అందులో కొంత నిఘా కూడా ఉంది. అయినా వీధులు తిరిగిన గురువుకు మంచాన పడ్డ ముసలివాళ్లు, తండ్రి పోయిన పిల్లలు, ఒంటరిగా ఉన్న స్త్రీలు కంటపడకుండా పోరు. తపస్కాలం అంటే జనం గుడికి రావడంతో పాటు గుడి జనం దగ్గరికి వెళ్లే కాలం కూడా అయింది. నా దృష్టిలో 2020 నాటికి మనం బాగా మరిచిపోయింది ఈ రెండో సగాన్నే.

అంటురోగాల కాలం ఈ రెండో సగాన్ని ప్రతిసారీ ముందుకు తెచ్చింది. 3వ శతాబ్దంలో తెగులు వచ్చినప్పుడు అలెగ్జాండ్రియా మేత్రాణులు (బిషప్పు) పునీత డయొనీసియస్ రాసిన పాస్కా లేఖలోని భాగాలను చరిత్రకారుడు యూసేబియస్ భద్రపరిచాడు. హింసల కాలంలో పొలం, ఎడారి, ఓడ, సత్రం, చెరసాల అన్నీ తమకు పండుగ చేసుకునే చోట్లయ్యాయని ఆయన అందులో గుర్తుచేసుకున్నారు. ఆ వెంటనే, తెగులు సోకినవాళ్లను వదలకుండా సేవ చేసి తామూ ప్రాణాలు విడిచిన గురువుల గురించి, డీకన్ల గురించి, సామాన్య విశ్వాసుల గురించి రాశారు. దాదాపు అదే కాలంలో కార్తేజిలో పునీత సిప్రియన్, మనవాళ్లను మాత్రమే చూసుకుంటే అందులో గొప్పేమీ లేదని, క్రైస్తవులు కానివారికి కూడా సేవ చేయాలని తన ప్రజలను పురమాయించారు.

మిలాన్‌లో 1576 ఆగస్టులో ప్లేగు బయటపడింది. గవర్నరు ఊరు వదిలి వెళ్లాడు, అగ్రపీఠాధిపతి పునీత చార్లెస్ బొర్రోమియో ఉండిపోయారు. శరత్కాలంలో అధికారులు జనాన్ని ఇళ్లలోంచి కదలవద్దని ఆదేశించారు. అప్పుడు బొర్రోమియో నాలుగు వీధులు కలిసే చోట్ల బలిపీఠాలు కట్టించారు. జనం తమ కిటికీల్లోంచే పూజ చూశారు. రోజుకు ఏడుసార్లు గంట మోగేది, ఒక ఇంటివాళ్లు ప్రార్థన ఎత్తుకుంటే ఎదురింటివాళ్లు బదులు చెప్పేవారు. తిండి, బట్ట లేనివాళ్లకోసం తన ఇంటి వెండిసామాను అమ్మేశారు, గోడలకు వేలాడే ఖరీదైన తెరలను దింపి బట్టలుగా కుట్టించారు. ఆయన చేసినవన్నీ ఇప్పటి ఆరోగ్య నియమాలకు సరిపోవు. అంటుకుంటుందని అధికారులు భయపడుతున్నా పెద్ద ఊరేగింపులు నడిపారు. ఆ మాట దాచకూడదు. కానీ మూసిన గుమ్మం ముందుకు పూజనూ రొట్టెనూ ఒకేసారి తీసుకువెళ్లడం ఆయన దగ్గర నేర్చుకోవలసినదే.

వ్యవస్థ అన్నది మాత్రం పునీత విన్సెంట్ డి పాల్ నుంచి వచ్చింది. 1617 ఆగస్టులో ఫ్రాన్సులోని షాటియ్యో అనే చిన్న ఊళ్లో ఆయన విచారణ గురువు. ఒక ఆదివారం, ఇంటిల్లిపాదీ జబ్బుపడ్డ కుటుంబం గురించి పూజకు ముందు ఆయనకు కబురొచ్చింది. ప్రసంగంలో ఆ సంగతి చెప్పారు. తరువాత ఆయన అటు వెళ్తుంటే దారి పొడవునా రొట్టెలు, మాంసం పట్టుకుని వెళ్తున్న ఆడవాళ్లు, తిరిగొస్తున్నవాళ్లు కనిపించారు. మనసు నిండిందిగాని ఆయన ఆలోచన వెంటనే ముందుకు పోయింది. ఈ రోజు వచ్చిందంతా తినలేక పాడవుతుంది, కొద్దిరోజుల్లో వాళ్లు మళ్లీ పస్తులుంటారు. అందుకే వంతుల పద్ధతి పెట్టి ఒక సేవాసంఘం కట్టారు. ఒక్కో రోజు ఒక్కొక్కరు వండి రోగులకు తీసుకెళ్లాలి. ఆ సంఘం నియమావళిలో ఒక చిన్న సూచన ఉంది: తోడు ఎవరైనా ఉన్న రోగితో మొదలుపెట్టి, ఎవరూ లేని రోగితో ముగించాలి, అప్పుడు ఒంటరివాళ్ల దగ్గర ఎక్కువసేపు కూర్చోవడానికి వీలుంటుంది. నాలుగు వందల ఏళ్ల కిందటి ఈ వాక్యం లాక్‌డౌన్ రోజుల కోసం రాసినట్టే ఉంటుంది.

1832లో కలరా పారిస్‌కు చేరింది సరిగ్గా తపస్కాలం నడిమినే, మార్చి నెలాఖరులో. ఆ ఏడాది ఒక్క పారిస్‌లోనే 18 వేల మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 23న ఫ్రెడరిక్ ఓజనాం, అతని తోటి విద్యార్థులు కొందరు కలిసి విన్సెంట్ డి పాల్ పేరుతో సంఘం పెట్టుకున్నారు. పేటల్లో ఏళ్లుగా పనిచేస్తున్న సిస్టర్ రొజాలీ రాందు వాళ్లకు ఏ ఇంటికి వెళ్లాలో, ఎలా మాట్లాడాలో నేర్పారు. ఇంటికి వెళ్లి పలకరించడమే ఈ సంఘానికి ప్రాణం. నేటికీ ఎన్నో విచారణల్లో పేదలతో నేరుగా సంబంధం ఉన్నది వీళ్లకే.

2020 మార్చి, ఏప్రిల్ నెలలకు తిరిగి వస్తే, వాటికన్ మార్చి 25న ఇచ్చిన ఆదేశం ఆ ఏడాది పెద్ద గురువారం (పవిత్ర శుక్రవారానికి ముందురోజు) నాడు కాళ్లు కడిగే ఆచారాన్ని వదిలేయమంది. సేవకు గుర్తుగా చేసే ఆచారమే ఆగిపోయిందన్నమాట. అదే పూజలో రొట్టె, ద్రాక్షరసంతో పాటు పేదల కోసం తెచ్చిన కానుకలను ఊరేగింపుగా సమర్పించవచ్చని పూజాగ్రంథం చెబుతుంది. జనం లేనిచోట ఊరేగింపు ఉండదు. పాపసంకీర్తనానికి గురువు దొరకనివారు ఉత్తమ మనస్తాపంతో (దేవుని మీది ప్రేమతో కలిగే పశ్చాత్తాపంతో) నేరుగా దేవుణ్ణి క్షమాపణ అడగాలని, వీలు చిక్కగానే గురువు దగ్గరికి వెళ్లాలని మార్చి 20న పోపు ఫ్రాన్సిస్ గారు గుర్తుచేశారు. అమెరికాలో కొందరు మేత్రాణులు శుక్రవారపు మాంసవర్జన నుంచి సడలింపు ఇచ్చారు. దొరికింది తినే పరిస్థితిలో ఉన్నవాళ్ల మీద అదనపు భారం వద్దన్నది వాళ్ల ఉద్దేశం. తిరుసభ (కతోలిక సంఘం) చట్టంలోని 1253వ నిబంధన కూడా మాంసవర్జనకు, ఉపవాసానికి బదులుగా ధర్మకార్యాలను విధించే అధికారాన్ని మేత్రాణుల సభలకు ఇస్తుంది.

విచారణల్లో జరిగిన మార్పు ఇంతకంటే మామూలుగా, ఇంతకంటే కష్టంగా ఉంది. పేదలకు అన్నం పెట్టే వంటశాలల్లో ఏళ్లుగా చాకిరీ చేసేది ఎక్కువగా ఉద్యోగ విరమణ చేసినవాళ్లే. గడప దాటవద్దని వైద్యులు ముందుగా చెప్పింది కూడా వాళ్లకే. చాలా చోట్ల గరిటె కుర్రవాళ్ల చేతికి వచ్చింది. కూర్చోబెట్టి వడ్డించే పద్ధతి పోయి పొట్లాలు వచ్చాయి. దాంతో ఒకరినొకరు పలకరించుకునే ఆ పది నిమిషాలూ పోయాయి. విచారణ పుస్తకాలు తెరిచి, వయసు మళ్లినవాళ్లకు వరసగా ఫోన్లు చేయడం మొదలైంది: మందులున్నాయా, సరుకులు ఎవరు తెస్తున్నారు, రాత్రిపూట తోడెవరు? పుస్తకం సరిగ్గా ఉన్న విచారణలో ఇది మొదటి వారంలోనే జరిగింది. చిరునామాలు మారినా దిద్దని చోట, ఫోన్ నంబర్లే లేని చోట, మంచి మనసున్న గురువులు కూడా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తల్లడిల్లారు. దానగుణంలో ఈ విచారణలకూ ఆ విచారణలకూ పెద్ద తేడా లేదు. మహమ్మారి రాకముందు ఇళ్లు తిరిగారా లేదా అన్నదే తేడా.

పుస్తకానికీ ఒక లోపం ఉంది. విచారణలో పేరు నమోదు చేసుకున్న కుటుంబాలు మాత్రమే అందులో ఉంటాయి. వలస వచ్చినవాళ్లు, అద్దె గదుల్లో ఉండేవాళ్లు, వీధుల్లో పడుకునేవాళ్లు, వేరే మతస్థులు అందులో దొరకరు. సిప్రియన్ చెప్పింది అలాంటివాళ్ల గురించే. 2021 పవిత్ర వారంలో పోపుగారి దానధర్మాల విభాగం, కార్డినల్ క్రయేవ్‌స్కీ ఆధ్వర్యంలో, వాటికన్‌లో 1,200 మంది నిరుపేదలకు, నిలువ నీడ లేనివారికి కోవిడ్ టీకా వేయించింది. ఇంకొకరి టీకాకు అయ్యే ఖర్చును విశ్వాసులు ఆన్‌లైన్‌లో పంపే వీలు కూడా కల్పించింది. ఆ ఏడాది విభూది బుధవారం నాడు గురువులు మాస్కు వేసుకుని, బూడిద పెట్టేటప్పటి మాటలను అందరికీ కలిపి ఒక్కసారే చెప్పి, వచ్చినవారి తలల మీద మౌనంగా బూడిద చల్లారు. కానుక కోసం చాలా దేశాల్లో ఫోన్‌తో పంపే పద్ధతులు అప్పటికే కుదురుకున్నాయి. పుస్తకంలో పేరు లేనివాళ్లను వెతికి పట్టుకునే పద్ధతి మాత్రం ఇప్పటికీ ఏ విచారణకు ఆ విచారణ సొంతంగా కట్టుకోవలసిందే.