మినియాపొలిస్ వంతెన కూలాక మారిన రవాణా శాఖ

అమెరికాలోని మిన్నెసోటాలో పెట్రోలు పన్ను 1988 నుంచి గ్యాలన్‌కు 20 సెంట్ల దగ్గరే ఆగిపోయింది. రోడ్ల ఖర్చు మాత్రం ఏటా పెరుగుతూ పోయింది. రిపబ్లికన్ నేత టిమ్ పాలెంటీ కొత్త పన్నులు వేయనని మాటిచ్చి గవర్నరయ్యారు. పన్ను పెంపు బిల్లును 2005లో ఒకసారి, 2007 మేలో మరోసారి వీటో చేశారు. పైగా రవాణా శాఖ కమిషనర్ పదవి కూడా, గవర్నర్ తర్వాతి స్థానంలో ఉండే లెఫ్టినెంట్ గవర్నర్ కారొల్ మోల్నౌ చేతిలోనే ఉండేది. ఇంజినీర్ల మాట నడవాల్సిన శాఖకు, ఎన్నికల్లో పోటీ చేసే నాయకురాలిని అధిపతిగా పెట్టడం నా దృష్టిలో పెద్ద పొరపాటు.

2007 ఆగస్టు 1 సాయంత్రం, ఆ రాష్ట్రంలోని మినియాపొలిస్ నగరంలో ఐ-35డబ్ల్యూ రహదారి వంతెన మిసిసిపీ నదిలో కూలింది. 13 మంది చనిపోయారు, 145 మంది గాయపడ్డారు. 1967లో రాకపోకలు మొదలైన ఆ వంతెనకు లోపాలున్నాయని 1990ల మొదటి నుంచే రికార్డుల్లో ఉంది.

వెంటనే డెమొక్రాట్లు వీటోను తప్పుపట్టారు. శవాల మీద రాజకీయమా అని అవతలివాళ్లు మండిపడ్డారు. 2008 నవంబరులో జాతీయ రవాణా భద్రతా బోర్డు అసలు కారణం తేల్చింది. ఉక్కు దూలాలను కలిపే గసెట్ ప్లేట్లు అంగుళం మందం ఉండాల్సింది, అరంగుళమే ఉన్నాయి. అది 1960ల నాటి డిజైన్ తప్పు. తర్వాత వంతెన మీద వేసిన అదనపు కాంక్రీటు, ఆ రోజు మరమ్మతు కోసం పోసిన సామగ్రి బరువు దాన్ని పడగొట్టాయి. తనిఖీకి వెళ్లినవాళ్లు తుప్పు, పగుళ్లు చూస్తారు. పాత లెక్కలు మళ్లీ వేసి చూడరు. కాబట్టి పన్ను పెంచి ఉంటే ఈ వంతెన నిలబడేదని చెప్పడం సరికాదు. అలాగని మిగతా వంతెనలకు డబ్బు అక్కర్లేదనీ కాదు.

ఆ నివేదిక రాకముందే, 2008 ఫిబ్రవరి 25న పన్ను పెంపు బిల్లు మీద పాలెంటీ మళ్లీ వేసిన వీటోను శాసనసభ తోసిపుచ్చింది. పదేళ్లకు 660 కోట్ల డాలర్ల రవాణా నిధి, లోపాలున్న వంతెనల మరమ్మతుకు 2018 గడువు వచ్చాయి. దిగువ సభలో 90 ఓట్లు కావాలి, 91 పడ్డాయి. వాటిలో ఆరు రిపబ్లికన్లవి. ఆ రిపబ్లికన్లను వాళ్ల సొంత పార్టీయే పదవుల నుంచి తప్పించింది. నవంబరు ఎన్నికల తర్వాత ఆ ఆరుగురిలో ఇద్దరే సభకు తిరిగొచ్చారు. ఆ ధైర్యానికి దక్కాల్సిన గౌరవం దక్కలేదు.

వీటోను తోసిపుచ్చిన మూడు రోజులకే రాష్ట్ర సెనేట్ కమిషనర్‌గా మోల్నౌ నియామకాన్ని తిరస్కరించింది. కేంద్ర రహదారుల శాఖలో పనిచేసిన టామ్ సోరెల్ తర్వాత కమిషనరయ్యారు. ఆ ఏడాది మార్చిలో అదే రాష్ట్రంలోని సెయింట్ క్లౌడ్ వంతెన గసెట్ ప్లేట్లు వంగినట్టు కనిపించాయి. శాఖ దాన్ని వెంటనే మూసేసి, 2009లో కొత్తది తెరిచింది.