హంగేరియన్ పలకరింపులు: మనవాళ్ళ అపోహలు, అసలు వాస్తవాలు

హంగేరీకి చదువుకోవడానికి వెళ్ళే తెలుగు పిల్లలకు ఆ భాషలో మొదటి మాటలు నేర్పడం నా పని. బుడాపెస్ట్, దెబ్రెత్సెన్, సెగెద్, పేచ్, ఏ ఊరికి వెళ్ళేవాళ్ళైనా క్లాసుకు వచ్చేటప్పటికే బోలెడు టెన్షన్ మూటగట్టుకుని వస్తారు. అందులో చాలావరకు ఇంగ్లీషు వాళ్ళ భయం. మనం దాన్ని మొయ్యక్కర్లేదు.

అపోహ: ప్రపంచంలోకెల్లా కష్టమైన భాష, దాదాపు 18 విభక్తులు ఉన్నాయి.

అమెరికా విదేశాంగ శాఖ తన అధికారుల కోసం వేసుకున్న లెక్కలో హంగేరియన్‌కు సుమారు 44 వారాలు పడతాయి. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళకు వేసిన లెక్క అది. అదే వర్గంలో తెలుగు కూడా ఉంది! వాళ్ళు అంత కష్టపడి నేర్చుకునే తీరు మనకు ఉగ్గుపాలతోనే వచ్చింది. 'ఇండియాబన్' అంటే ఇండియాలో. 'ఇండియాబోల్ యొత్తెమ్' అంటే ఇండియా నుంచి వచ్చాను. ప్రత్యయం పదం చివర అతుక్కుంటుంది, 'నేను' క్రియలోనే ఉంటుంది. దెబ్రెత్సెన్‌లో అనాలంటే మాత్రం 'బన్' కాదు, 'దెబ్రెత్సెన్‌బెన్'. పదంలో ఉన్న అచ్చులను బట్టి ప్రత్యయం మారుతుంది. మనం పులికి, చెట్టుకు అంటున్నప్పుడు చేసేది కూడా ఇలాంటిదే. కాబట్టి వాక్యాన్ని ముందు ఇంగ్లీషులో అనుకుని తర్వాత మార్చుకోవద్దని మొదటి రోజే చెబుతాను.

మనకు నిజంగా కష్టమయ్యేవి వేరే ఉన్నాయి. 'కేరెక్ ఎద్య్ కావేత్', ఒక కాఫీ కావాలి. కాఫీ అంటే 'కావే', చివరి 'త్' కర్మకు గుర్తు. మనం 'కాఫీ ఇవ్వండి' అంటాం కానీ 'కాఫీని ఇవ్వండి' అనం కదా, అందుకే ఆ 'త్' నోట్లోంచి జారిపోతుంది. పైగా ఏదో ఒకదాన్ని చూస్తే 'లాతొక్', ఫలానాదాన్ని చూస్తే 'లాతొమ్'. ఇది తెలుగులో లేని పద్ధతి, దీనికి టైమ్ ఇవ్వాల్సిందే.

అపోహ: ఉచ్చారణ మనకు నోరు తిరగదు.

నొక్కి పలికేది ఎప్పుడూ మొదటి అక్షరాన్నే. రాసినట్టే చదువుతారు, కాకపోతే వాళ్ళ అక్షరాల విలువలు వేరు. ఇంగ్లీషు 'ఎస్' అక్షరం అక్కడ 'ష', అందుకే వాళ్ళ రాజధాని వాళ్ళ నోట 'బుదపెష్ట్'. హ్రస్వ దీర్ఘాల తేడా, ద్విత్వాలు మన చెవికి అలవాటే. అవి ఎంత ముఖ్యమో చూడండి: 'ఒరులొక్' అంటే సంతోషం, పరిచయమైనప్పుడు అనేమాట. దాన్నుంచే వచ్చిన 'ఒరుల్త్' అంటే సంతోషించాడు. మొదటి అచ్చు సాగదీసి 'ఓరుల్త్' అంటే పిచ్చివాడు! ఈ మాటల్లో నేను 'ఒ' అని రాసింది సరిగ్గా మన 'ఒ' కాదు. పెదాలు గుండ్రంగా చుట్టి 'ఎ' అనాలి. 'కొసొనొమ్', అంటే థాంక్స్, అందులో మూడుసార్లు వస్తుంది కాబట్టి సాధన దాంతోనే మొదలుపెట్టిస్తాను.

అపోహ: 'సియ' ఒక్కటి వస్తే అందరినీ పలకరించొచ్చు.

ఇది మాత్రం పట్టించుకోవాలి. 'సియ' చనువున్న ఒక్కరికి, ఇద్దరు ముగ్గురుంటే 'సియస్తొక్'. కలిసినప్పుడూ అదే, విడిపోయేటప్పుడూ అదే. ప్రొఫెసర్‌కి, ఆఫీసులో పెద్దవాళ్ళకి 'యో నపొత్ కీవానొక్'. 'హొద్య్ వద్య్?' అంటే ఎలా ఉన్నావు. గౌరవంగా అడగాలంటే 'హొద్య్ వన్?'. అంటే ఎదుటి మనిషితోనే మాట్లాడుతూ క్రియ మాత్రం 'అతను, ఆమె'లకు వాడేది వాడతారు. పేరు అడిగేటప్పుడూ అంతే: స్నేహితుడినైతే 'హొద్య్ హీవ్నక్?', పెద్దవాళ్ళనైతే 'హొద్య్ హీవ్యాక్?'. నువ్వు, మీరు తేడా తెలిసినవాళ్ళకు ఎక్కడ ఏది వాడాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. పిల్లలు పెద్దవాళ్ళతో 'చోకొలొమ్' అంటారు. అది విని కంగారుపడకండి, 'ముద్దుపెట్టుకుంటాను' అన్న పాత మర్యాద అలా నిలిచిపోయింది.

అపోహ: పేరు చెప్పడంలో తికమక.

అదేం లేదు. వాళ్ళకీ ఇంటిపేరే ముందు. 2023లో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త స్వదేశంలో కరికో కతలిన్, కరికో ఇంటిపేరు. మాటల్లో అయితే 'రవి వద్యొక్', అంటే నేను రవిని, చాలు.

అపోహ: హంగేరియన్, తెలుగు అక్కాచెల్లెళ్ళు.

పోలికలున్నాయి కానీ చుట్టరికం రుజువు కాలేదు. హంగేరియన్‌ది ఉరాలిక్ కుటుంబం, సైబీరియాలోని ఖాంతీ, మాన్సీ భాషలు దగ్గరి బంధువులు. తమ జాతి మూలాలు వెతుక్కుంటూ ఆసియాకు బయల్దేరిన హంగేరియన్ పండితుడు చోమ షాందొర్ కూడా ఆ చుట్టాలను కనుక్కోలేదు. 1834లో కలకత్తాలో టిబెటన్ నిఘంటువు అచ్చువేయించి, 1842లో డార్జిలింగ్‌లో కన్నుమూశాడు.

అపోహ: ఇంగ్లీషుతో నెట్టుకొచ్చేయొచ్చు.

క్లాసులో అవును. పోస్టాఫీసులో, చిన్న ఊళ్ళలో, మెడిసిన్ వాళ్ళైతే వార్డులో పేషెంట్ల దగ్గర కుదరదు. కొట్టులోకి అడుగుపెట్టగానే 'యో నపొత్' అనండి, అక్కడ అది కనీస మర్యాద. కౌంటర్ దగ్గర మీ వంతు రాగానే 'తెష్షేక్' అంటారు, 'చెప్పండి' అని. వస్తువు చేతికిస్తూ కూడా అదే మాట. అర్థం కాకపోతే 'నెమ్ ఏర్తెమ్', మెల్లగా చెప్పమనాలంటే 'లష్షబ్బన్, కేరెమ్'. ఈ రెండూ విమానం ఎక్కేముందే నోటికి రావాలి.