మినప్పప్పుకి సెలవిస్తే

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో అనంతపురం నుంచి వచ్చినావిడ ఒకామె ఇడ్లీ పిండి రుబ్బి చుట్టుపక్కల ఫ్లాట్లకి అమ్ముతుంది. పోయిన డిసెంబరులో ఒకరోజు చిన్న స్టీలు గిన్నె పట్టుకుని పైకి వచ్చింది. "మినప్పప్పు రేటు చూసి, అది లేకుండా ఉత్త కొర్రలతోనే ఇడ్లీ వేసినా అన్నా. రాయి మాదిరి వచ్చింది చూడు. బజార్లో దినాము కొత్త రకం వస్తాందే, వాళ్లకి ఎట్ల తడతాయి ఈ ఐడియాలు?"

వేలితో నొక్కితే దిగలేదు. విరిచి చూస్తే లోపల ఒక్క కన్నం లేదు.

ఐడియాల కోసం ఊళ్లు తిరగమంటారు, అమ్మమ్మల్ని అడగమంటారు. మంచిదే. నాకు నచ్చిన దారి వేరు. ఒక దినుసు వంటలో ఏం పని చేస్తోందో పట్టుకుని, దానికి సెలవిచ్చి, ఆ పని ఇంకెవరికి అప్పగించవచ్చో చూడటం. ఇదే ఊళ్లో పుట్టిన రవ్వ ఇడ్లీ కథ అదే. 1942లో బర్మా జపాన్ చేతికి పోయింది, అక్కణ్ణించి బియ్యం రావడం ఆగిపోయింది. ఆ యుద్ధకాలపు కరువులోనే బియ్యం బదులు గోధుమ రవ్వతో ఇడ్లీ వేశామని లాల్‌బాగ్ దగ్గరి ఎంటీఆర్ హోటల్ వాళ్లు చెప్పుకుంటారు.

బియ్యం మార్చారు సరే, మినప్పప్పు కూడా ఎగిరిపోయింది కదా. దాని పని ఎవరు చేశారు?

ముందు ఆ పనేమిటో చూడాలి. పిండిని పొంగించేది ముఖ్యంగా ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే బాక్టీరియా. ఒక్కో గ్లూకోజ్ అణువుని అది లాక్టిక్ ఆమ్లంగా, ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. పెరుగులోని బాక్టీరియా పులుపునిస్తుందే గానీ గాలి పుట్టించదు, అందుకే పెరుగు పొంగదు. ఫలానా అత్తయ్య హస్తవాసి మంచిది, ఆమె కలిపితే పిండి గిన్నె దాటుతుంది అంటారు. నిజానికి ఆ సూక్ష్మజీవులు చాలావరకు మినప్పప్పుని అంటిపెట్టుకునే వస్తాయి. పేరు మాత్రం అత్తయ్యకి.

గాలి పుట్టగానే సరిపోదు, రాత్రంతా పిండిలో నిలవాలి. మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ పరిశోధకులు 1970లలో దీని వెంటపడ్డారు. మినప్పప్పులో గ్లోబ్యులిన్ అనే ప్రొటీన్లు బుడగ చుట్టూ పలచని పొరలా కడతాయి. అరబినోగలాక్టాన్ అనే చక్కెర అణువుల గొలుసు ఆ పొరల మధ్య నీటిని జిగురుగా మార్చి, బుడగలు ఒకదాన్నొకటి మింగకుండా ఆపుతుంది. గ్రైండర్లో నలిగిన పప్పుని రెండు వేళ్ల మధ్య రుద్దితే జారుతుందే, ఆ జిగురే ఇది. కొర్రల్లో ఆ జిగురూ లేదు, గోధుమలో ఉండే గ్లూటెన్ అనే సాగే ప్రొటీనూ లేదు. ఆవిడ గిన్నెలో గాలి పుట్టే ఉంటుంది, పట్టుకునేవాళ్లు లేక వెళ్లిపోయింది. డిసెంబరు చలికి పుట్టినదీ తక్కువే అయ్యుంటుంది.

రవ్వ ఇడ్లీలోని తెలివి ఇక్కడే ఉంది. అక్కడ మినప్పప్పుకి సరిసాటి మనిషిని వెతకలేదు, డ్యూటీ టైమే తగ్గించేశారు. పుల్లటి పెరుగులో నానిన రవ్వలో చివరి నిమిషంలో సోడా పడుతుంది. 84 గ్రాముల వంటసోడా ఆమ్లంతో పూర్తిగా కలిస్తే 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, గది వేడిమిలో అది సుమారు 24 లీటర్లు. గ్రాముకి పావు లీటరు పైమాటే! బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి ఒత్తిడి తక్కువ, కాబట్టి ఇక్కడ ఇంకాస్త ఎక్కువ. ఆవిరి తగలగానే బుడగలోని గాలి మరో నాలుగో వంతు ఉబ్బుతుంది, నీటి ఆవిరి కూడా అందులో చేరుతుంది. అరవై డిగ్రీలు దాటాక గోధుమ పిండిపదార్థం ఉబ్బి గట్టిపడటం మొదలై, బుడగని ఉన్నచోటే బిగించేస్తుంది. పది గంటలు కాపలా కాయాల్సిన పని పది పన్నెండు నిమిషాలకి దిగింది. అంతసేపు చిక్కటి రవ్వ పిండి ఎలాగో ఓర్చుకుంటుంది. (పదో తరగతిలో ఈ సమీకరణాన్ని మాచేత వందసార్లు తుల్యం చేయించారు. ఎంత గాలి వస్తుందో ఒక్క బెలూన్‌తో చూపించినవాళ్లు లేరు.)

ఫ్రాన్స్‌లో ఝోయెల్ రోసెల్ అనే గాయకుడు 2014లో వెతికింది కూడా ఇలాంటిదే. కోడిగుడ్డు తెల్లసొన బదులు ఏది నురగ నిలుపుతుందని చూస్తే, శనగలు ఉడికిన నీళ్లు గిలకొడితే తెల్లగా మేఘంలా లేచాయి. ఇప్పుడు దాన్ని ఆక్వాఫాబా అంటున్నారు. మన కుక్కర్ విజిల్ సందులోంచి పప్పు నురగ తన్నుకొచ్చి స్టవ్వంతా పాడుచేస్తుందే, ఇంచుమించు అదే సరుకు. మనం గుడ్డ పెట్టి తుడిచేశాం.

ఆవిడకి ఇదంతా చెబితే సగం విన్నాక "సరే అన్నా, జిగురుదేదో చెప్పు" అంది. నానబెట్టి రుబ్బిన మెంతులు చెప్పాను. ఆ ఆదివారం కొర్ర రవ్వ, పుల్ల పెరుగు, కాస్త మెంతి జిగురు కలిపి, సోడా వేసిన వెంటనే రేకుల్లో పోసి ఆవిరికి పెట్టింది. మూత తీస్తే బాగానే ఉబ్బాయి. విరిస్తే చిన్న చిన్న కన్నాలు, కొంచెం చేదు.

సాయంత్రం ఏడింటికి మళ్లీ అదే స్టీలు గిన్నె. "పొద్దున దూది మాదిరి ఉండె. ఇప్పుడు మళ్లీ రాయే." చల్లారిన పిండిపదార్థం అణువులు మళ్లీ దగ్గరికి జరిగి వరసకట్టి బిగుసుకుంటాయని, ఫ్రిజ్‌లో అన్నం గట్టిపడేదీ అందుకేనని చెప్పాను. ఆవిడ ఇడ్లీని అటూ ఇటూ తిప్పి చూసింది. "మరి మినప్పప్పు వేసిన ఇడ్లీ సాయంత్రానికి కూడా ఇంతకంటే మెత్తగా ఉంటాదే అన్నా. అది ఎవరి పని?"