మేడిపండు కందిరీగ తీర్చిన తగాదా

దోమ వాసన గ్రాహకంలో, అంటే వాసనను పసిగట్టే కణాల పొరలోని ప్రొటీన్ గుంపులో, నాలుగు ముక్కలుంటే వాసనను పట్టేది ఒక్కటే, మిగతా మూడూ ఓర్కో అనే ప్రొటీనేనని 2024లో సైన్స్ పత్రికలో వచ్చింది. దాంతో ఓర్కోను చెడగొడితే పురుగుకు దారి తెలియదు కదా అన్న పాత ఆశ మళ్లీ వినిపిస్తోంది. అది ఎక్కడ తేడా కొడుతుందో తెలియాలంటే దోమను పక్కనపెట్టి 2018 నాటి కందిరీగ దగ్గరికి వెళ్లాలి.

అపోక్రిప్టా బేకరి పరాన్న కందిరీగ. మేడి జాతి కాయలోకి దూరదు. బయటే కూర్చుని పొడవాటి సూదితో కాయ గోడను తొలిచి, లోపల పెరుగుతున్న వేరే కందిరీగల పిల్లల దగ్గర గుడ్లు పెడుతుంది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో వనెస్సా రూటా బృందం ఓర్కో ఆకారాన్ని చిత్రంగా తీయడానికి రకరకాల కీటకాల ఓర్కోలు చూసి దీనిదాన్ని ఎంచుకుంది. ఇందులో కందిరీగ గొప్పేమీ లేదు, దాని ప్రొటీన్ చెదరకుండా నిలబడింది, అంతే. చిత్రంలో వాసన పట్టే ముక్క లేదు, నాలుగూ ఓర్కోలే, నడుమ రంధ్రం. పైన కణపొరలో ఎడంగా విచ్చుకున్నాయి, అడుగున మాత్రం గట్టిగా పెనవేసుకున్నాయి. కీటకం మారినా పెద్దగా మారనిది ఆ అడుగు భాగమే.

వాసన తగిలాక కణంలో విద్యుత్ ప్రవాహం ఎలా మొదలవుతుందన్న 2008 పేచీ దీంతోనే తెమిలింది. గ్రాహకమే తలుపు, వాసన తగలగానే అయాన్లను లోపలికి వదులుతుందని టోక్యో, రాక్‌ఫెల్లర్ పరిశోధకులు చెప్పారు. కణంలో కబురు మోసే జీ ప్రొటీన్లను అడ్డుకున్నా విద్యుత్ ప్రవాహం ఆగలేదని చూపారు. మధ్యలో కణం లోపల కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే అణువు పాత్ర కూడా ఉందని జర్మనీ జెనాలోని మాక్స్ ప్లాంక్ బృందం వాదించింది. రంధ్రం కళ్లెదుట కనిపించాక మొదటి వాదానిదే పైచేయి.

ఈగల ప్యూపాల మీద బతికే నాసోనియా కందిరీగ జన్యుపటం 2010లో వచ్చింది. అందులో పనిచేసేలా కనిపించిన వాసన గ్రాహకాలు 225. వాటితో జతకట్టే ఓర్కో మాత్రం ఒక్కటే. మరుసటి ఏడాది వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు మలేరియా దోమ ఓర్కోను వాసన లేకుండానే తెరిచే వీయూఏఏ1 అనే రసాయనాన్ని ప్రకటించారు. అది చిమ్మెట ఓర్కోనూ తెరిచింది, చీమదీ తెరిచింది. చీమంటే కందిరీగకు దగ్గరి చుట్టమే.

మన చెరకు, వరి రైతులు ఆకులకు కట్టే ట్రైకో కార్డు చూడండి. నల్లబడ్డ గుడ్లలోంచి మిల్లీమీటరు కూడా లేని ట్రైకోగ్రామా అనే పరాన్న కందిరీగ బయటికొచ్చి పురుగు గుడ్లు వెతుక్కుంటుంది. చిమ్మెట రెక్కల పొలుసుల వాసన దానికి ఒక గుర్తు. ఓర్కో మందు అదే ఆకు మీద పడితే పురుగుకూ, దాని గుడ్లు వెతికే కందిరీగకూ, ఇద్దరికీ దారి పోతుంది. పంటకు పనికొచ్చేది 2024 చిత్రంలోని ఆ మూడు ఓర్కోలు కాదు, పక్కనున్న, వాసనను పట్టే, పురుగు పురుగుకూ మారే నాలుగో ముక్క.